కర్నూలు ఎండకు నిలిచే బ్యాటరీ: ఒక డీజిల్ కారు ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 6

బండి 1.5 లీటర్ల డీజిల్ సెడాన్, 2015 మోడల్. స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగి మళ్లీ స్టార్ట్ కావడం) లేదు. కర్నూలు టౌన్లో రోజుకు ఏడెనిమిది కిలోమీటర్లు, నెలకు రెండు మూడు సార్లు డోన్ దాకా. ఫిర్యాదు కొత్తదేం కాదు: నాలుగు రోజులు కదపకపోతే ఐదో రోజు పొద్దున సెల్ఫ్ తీసుకోదు. ఉన్న బ్యాటరీ వేసి 14 నెలలు. దానికి ముందుది ఏడాదిన్నరకే పోయింది.

వరుసగా రెండు బ్యాటరీలు పోయాయంటే మూడోది కొనే ముందు ఆగాలి. తప్పు బ్యాటరీదా, బండిదా, వేసిన తీరుదా అన్నది తేలకుండా ఏ రకం కొన్నా దాని గతీ అంతే.

బానెట్ ఎత్తగానే సగం కథ కనిపించింది. బ్యాటరీ కూర్చునే ట్రే డిన్ అనే జర్మన్ ప్రమాణపు కొలతది: 242 మి.మీ. పొడవు, 175 వెడల్పు. అందులో కూర్చున్నది 55బి24ఎల్ అనే జపాన్ కొలత బ్యాటరీ, 45 ఆంపియర్ అవర్ (ఏహెచ్, అంటే ఎంత చార్జ్ పడుతుందన్న లెక్క). దాని పొడవు 238, వెడల్పు 129. పొడవు సరిపోయినట్టే ఉంది, వెడల్పులో మాత్రం 46 మి.మీ. ఖాళీ. ఆ ఖాళీలో ఒక చెక్క ముక్క, దాని మీద సైకిల్ ట్యూబు ముక్క మడిచి దోపారు. ట్రే అడుగున ఉండే బిగింపు ముక్క డిన్ బ్యాటరీ అడుగు అంచును పట్టుకోవడానికి చేసింది. ఈ బ్యాటరీకి ఆ అంచే లేదు. బోల్టు బిగించే ఉంది, పట్టుకున్నది మాత్రం గాలిని. బ్యాటరీని చేత్తో ఊపితే వేలెడంత కదులుతోంది.

ఎత్తు సంగతి ఇంకా భయం పుట్టించేది. డిన్ బ్యాటరీలో టెర్మినళ్లు మూత అంచు కన్నా పైకి రాకుండా గుంటలో ఉంటాయి, మొత్తం ఎత్తు 175 లేదా 190. బి24లో టెర్మినళ్లు మూత మీద నిలబడి ఉంటాయి, వాటితో కలిపి 227. బానెట్ లోపలి అట్ట మీద, సరిగ్గా పాజిటివ్ టెర్మినల్‌కు ఎదురుగా, రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. అట్ట అరిగి ఒక మూల రేకు బయటపడింది. ఇంకో వేసవి గడిచుంటే మంట రేగేది.

ఏప్రిల్ 7

రాత్రంతా కదపకుండా ఉంచి పొద్దున ఆరింటికి కొలిచింది: 12.1 వోల్టులు. నిండుగా చార్జ్ ఉన్నది 12.6 పైన ఉండాలి, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు. సెల్ఫ్ కొడితే 8.1కి పడిపోయింది. 9.6 కన్నా కిందికి పోకూడదు.

మూతలు ఉన్న బ్యాటరీ కాబట్టి హైడ్రోమీటరుతో గ్రావిటీ, అంటే యాసిడ్ సాంద్రత కూడా చూశాం. పాజిటివ్ వైపు నుంచి వరుసగా ఆరు సెల్లు, సవరణ వేశాక: 1.190, 1.185, 1.190, 1.190, 1.120, 1.185. సవరణ ఎందుకంటే, హైడ్రోమీటరు 27 డిగ్రీలకు గీసింది. లోపలి యాసిడ్ అప్పుడు 38 డిగ్రీలుంది. ఒక్కో డిగ్రీ ఎక్కువకు 0.0007 కలపాలి. 11 డిగ్రీలకు దాదాపు 0.008, కాబట్టి మీటరులో 1.182 కనిపిస్తే అసలు 1.190. మన ఎండల్లో ఈ సవరణ వేయకపోతే మంచి బ్యాటరీ కూడా డౌన్ అయినట్టే కనిపిస్తుంది.

ఐదో సెల్ ఒక్కటే వెనకబడింది. రెండో సెల్లోనూ ఐదో సెల్లోనూ నీళ్లు ప్లేట్ల కిందికి దిగిపోయాయి.

ప్లేట్లు మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోసి 4.5 ఆంపియర్ల మీద చార్జింగ్ పెట్టాం. నీళ్లు గీత దాకా పోయడం చార్జ్ అయ్యాకే. ముందే నింపితే చార్జింగ్‌లో మట్టం పెరిగి యాసిడ్ పొంగి ట్రే మీద పడుతుంది.

నీళ్ల గురించి ఒక మాట. టౌన్లో చాలామంది ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోస్తారు. అవి ఆవిరి నుంచి వచ్చినవే, కానీ దుమ్ము పట్టిన కాయిల్ మీదుగా, ట్రే మీదుగా కారి వస్తాయి. ఆ దుమ్ములో ఉన్నదంతా సెల్లోకి పోతుంది. ఆర్వో నీళ్లలో ఉప్పు తగ్గుతుందే తప్ప పోదు. బోరు నీళ్ల మాట ఇక ఎత్తనక్కర్లేదు. యాసిడ్ పోయడం అన్నిటికన్నా తప్పు: సెల్లో తగ్గింది నీళ్లే, యాసిడ్ ఎక్కడికీ పోలేదు.

ఏప్రిల్ 8

పన్నెండు గంటల చార్జింగ్, రెండు గంటల విశ్రాంతి తర్వాత ఐదు సెల్లు 1.245 దగ్గర నిలబడ్డాయి. ఐదోది 1.150. సెల్లుల మధ్య తేడా 0.050 దాటితే ఆ బ్యాటరీని ఇక నమ్మలేం. ఇక్కడ తేడా 0.095. తీర్పు అయిపోయింది.

చార్జింగ్ చివర్లో ఐదో సెల్లో నీళ్లు మబ్బుగా, ఇటుక రంగులోకి తిరిగాయి. అది పాజిటివ్ ప్లేటు మీది ముద్ద రాలిన పొడి. పట్టు లేని బ్యాటరీ రోడ్డు మీద ప్రతి గుంతకూ ఎగిరి పడుతుంటుంది. ముద్ద ప్లేటు లోపలి సీసం జాలీ నుంచి వదిలి అడుగున పేరుకుంటుంది, పేరుకున్నది రెండు ప్లేట్ల మధ్య వంతెన కడితే ఆ సెల్ తనలో తానే కరిగిపోతుంది. ఈ బ్యాటరీని చంపింది ముందుగా ఆ చెక్క ముక్కే.

ఏప్రిల్ 10

ఇవాళ బండి పరీక్ష, పాత బ్యాటరీని చార్జ్ చేసి పెట్టే. ఎవరి గ్యారేజీలోనైనా ఈ పని ముప్పావు గంటకు మించదు, కానీ బ్యాటరీ అమ్మే చోట దాదాపు ఎవరూ చేయరు.

మొదట చార్జింగ్. ఇంజిన్ ఐడిల్‌లో, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోస్టు మీద 14.3 వోల్టులు. బాగుంది. అదే సమయంలో బ్యాటరీ పోస్టు (టెర్మినల్) మీద 13.9, లైట్లూ ఏసీ వేస్తే 13.6. ఆల్టర్నేటర్ సరిగ్గా ఇస్తున్నది దారిలో పోతోంది. మీటరు ఒక కొన ఆల్టర్నేటర్ పోస్టు మీద, ఇంకో కొన బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద పెట్టి చూస్తే, లైట్లూ ఏసీ నడుస్తుండగా 0.35 తేడా.

తర్వాత సెల్ఫ్ కొడుతూ కొలిచినవి. నెగటివ్ పోస్టుకీ ఇంజిన్ బాడీకీ మధ్య 0.48. అక్కడ 0.2 దాటకూడదు. పాజిటివ్ పోస్టుకీ దాన్ని పట్టుకునే కేబుల్ క్లాంపుకీ మధ్య, అంటే ఆనుకుని ఉన్న రెండు లోహపు ముక్కల మధ్య, 0.62!

రెండోదాని కారణం మళ్లీ రకం దగ్గరికే వస్తుంది. డిన్ పోస్టుల పైకొన మందం పాజిటివ్‌కు 19.5 మి.మీ., నెగటివ్‌కు 17.9. పేరు చివర ఎస్ లేని బి24ఎల్‌కు ఉండేవి సన్న పోస్టులు: 14.7, 13. బండి క్లాంపులు లావు పోస్టుకు చేసినవి. సందులో సీసం తొడుగులు వేసి, అవీ చాలక రాగి రేకు చుట్టి, క్లాంపు దవడలు ఒకదానికొకటి తగిలేదాకా బిగించారు. దవడలు తగిలాక బోల్టు ఎంత తిప్పినా పట్టు పెరగదు. 55బి24ఎల్ఎస్ అయితే చివరి ఎస్ లావు పోస్టుకు గుర్తు. కనీసం ఈ ఒక్క బాధ తప్పేది.

ఇక మొదటిది: నెగటివ్ పోస్టు నుంచి ఇంజిన్ బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బోల్టు విప్పి తుప్పు గీకి, స్టార్ వాషర్ వేసి బిగిస్తే 0.48 కాస్తా 0.11కి దిగింది. పది నిమిషాల పని, ఖర్చు వాషర్ ఖరీదు.

ఏప్రిల్ 11

నాలుగు రోజులకే డౌన్ కావడం సంగతి. మీటరును 10 ఆంపియర్ల గుంటలోకి మార్చి, నెగటివ్ క్లాంపు విప్పి, క్లాంపుకూ పోస్టుకూ మధ్య వరుసలో పెట్టాం. బానెట్ లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితిలోకి నొక్కి, బండి లాక్ చేసి 40 నిమిషాలు వదిలేశాం. లోపలి కంప్యూటర్లు పడుకోవడానికి అంత టైం పడుతుంది. వెంటనే చూస్తే రెండు మూడు ఆంపియర్లు కనిపించి అనవసరంగా కంగారు పుడుతుంది. మీటరు వరుసలో ఉన్నప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

40 నిమిషాల తర్వాత 185 మిల్లీ ఆంపియర్లు. 50 లోపు ఉండాలి.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే పడుకున్న కంప్యూటర్లు మళ్లీ లేస్తాయి. అందుకే పీకకుండా, ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు చూశాం. కరెంటు పారుతున్న ఫ్యూజు మీదే రీడింగ్ వస్తుంది. లోపలి లైటు ఫ్యూజు దొరికింది. దానికి డ్యాష్ కెమెరా వైరు నేరుగా కలిపి ఉంది.

లెక్క: 0.185 ఇంటూ 24 అంటే రోజుకు 4.4 ఆంపియర్ అవర్. నాలుగు రోజులకు 17.8. ఇది 45 ఏహెచ్ బ్యాటరీలో 40 శాతం. ఇక రోజుకు పావుగంట టౌన్ తిరుగుడు ఆ నాలుగున్నరను కూడా తిరిగి నింపలేదు. అంటే బ్యాటరీ ఎప్పుడూ సగం ఖాళీ కడుపుతోనే బతికింది. అలా బతికిన బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, తర్వాత చార్జింగ్‌కు కూడా కరగదు.

కెమెరాను ఫ్యూజు ట్యాప్‌తో తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు మార్చాక 26 మిల్లీ ఆంపియర్లు.

ఇది చూడకుండా 60 ఏహెచ్ వేసుంటే? నాలుగు రోజుల బదులు ఆరో రోజు డౌన్ అయ్యేది. పెద్ద బ్యాటరీ రోగాన్ని రెండు రోజులు దాచిపెడుతుంది, అంతే.

ఏప్రిల్ 13

ఇక రకం ఎంపిక. తొలి వడపోత ట్రే, కేబుళ్లు. ఆంపియర్లు తర్వాత.

మన దగ్గర కార్లలో నడిచేవి ప్రధానంగా రెండు కుటుంబాలు. జపాన్ కోడ్ చదవడం తేలిక: 55బి24ఎల్‌లో 55 అన్నది శక్తి ర్యాంకు, ఆంపియర్ అవర్ కాదు. ఈ ఒక్క పొరపాటుతో ఎన్నో అమ్మకాలు జరుగుతాయి. బి అన్నది వెడల్పు, ఎత్తుల తరగతి: బి అయితే 129, డి అయితే 173 మి.మీ. వెడల్పు. 24 అన్నది పొడవు, సెంటీమీటర్లలో. ఎల్ అంటే, టెర్మినళ్లు మన వైపు ఉండేలా నిలబడి చూస్తే నెగటివ్ ఎడమన, పాజిటివ్ కుడిన. ఆర్ అయితే తిరగేసి. ఈ బ్యాటరీలను పైనుంచి అడ్డపట్టీ, రెండు కొక్కేల బోల్టులతో పట్టుకుంటారు.

డిన్‌లో పట్టు అడుగు అంచు మీద. వెడల్పు అన్నిటికీ 175. పొడవులు: డిన్ 44 అయితే 207, డిన్ 60 దగ్గర 242, డిన్ 74 దగ్గర 278. ఎత్తు 175 ఒక రకం, 190 ఒక రకం. 175 కోసం చేసిన బిగింపు ఉన్న బండిలో 190 వేస్తే అడుగున సరిపోయినా పైన ఫ్యూజు పెట్టె మూత పడదు. ఈ బండిలో టేపు పెట్టి చూశాం, 190 పడుతుంది, పైన ఇంకో 30 మి.మీ. మిగులుతుంది.

ఎడమా కుడీ విషయంలో పేరులోని అక్షరాన్ని నమ్ముకునే కన్నా కళ్లతో చూడటం మేలు. ఈ బండి పాజిటివ్ కేబుల్ కుడి పోస్టు దాకానే వస్తుంది, ఎడమ దానికి 9 సెంటీమీటర్లు తక్కువ. అలాంటప్పుడు దుకాణంలో బ్యాటరీని తిప్పి పెట్టి పని కానిస్తారు. అప్పుడు పాజిటివ్ పోస్టు రేకు పక్కకు వెళ్లి కూర్చుంటుంది. తొందరలో కేబుళ్లు తారుమారైతే ఆల్టర్నేటర్ డయోడ్లు ఆ క్షణంలోనే పోతాయి, మెయిన్ ఫ్యూజు కాపాడితే అదృష్టం.

ఇప్పుడున్న బి24 ఇందులోకి ఎలా వచ్చిందంటే జవాబు కౌంటర్ దగ్గరే ఉంది: "డిన్ అయితే రేటెక్కువైతాది అన్నా, స్టాకు గూడా లేదు. ఇదేసుకో, సెల్ఫ్ కొడితే చాలు గదా!" కొత్త బ్యాటరీ ఏదైనా మొదటి రోజు సెల్ఫ్ కొడుతుంది. బేరం అక్కడే తెగుతుంది, బాధ ఏడాది తర్వాత మొదలవుతుంది.

తేలింది: డిన్, 242 పొడవు, 190 ఎత్తు, పాజిటివ్ కుడి, 60 ఏహెచ్. బండి మాన్యువల్లో ఉన్నదీ 60 ఏహెచ్చే.

ఏప్రిల్ 15

రెండో వడపోత లోపలి తయారీ. ఈ కొలతలో దొరికేవి మూడు: సీల్ వేసిన కాల్షియం రకం, ఈఎఫ్‌బీ, ఏజీఎం.

ఏజీఎం ఖరీదైనది కాబట్టి మంచిది అనుకుని అడిగేవాళ్లు పెరిగారు. స్టార్ట్-స్టాప్ ఉన్న జర్మన్ కార్లలో అది చాలాసార్లు డిక్కీలోనో సీటు కిందో, ఇంజిన్ వేడికి దూరంగా ఉంటుంది, పక్కన వేడిని చూసి వోల్టేజీ తగ్గించే సెన్సర్ ఉంటుంది. ఈ బండిలో బ్యాటరీ ఉన్నది ఇంజిన్ పక్కన. ఏజీఎంలో యాసిడ్ గాజు నూలు అట్టల్లో పీల్చుకుని ఉంటుంది, ద్రవం తక్కువ. వేడికి ఆరిపోయిన తడిని తిరిగి పోసే దారి లేదు. కర్నూలు మే నెలలో ఇంజిన్ బేలో ఏజీఎం పెట్టడం డబ్బు ఎండలో ఆరబెట్టడమే. వద్దనుకున్నాం.

ఈఎఫ్‌బీ అంటే నీళ్ల బ్యాటరీనే, పాజిటివ్ ప్లేటు మీద నూలు జాలీ కప్పి, ముద్ద రాలకుండా, సగం చార్జ్‌లోనూ తట్టుకునేలా గట్టిపరిచింది. ఈ బండికి వేసినా నష్టం లేదు, 14.3 వోల్టులు దానికి సరిపోతాయి. కానీ స్టార్ట్-స్టాప్ లేని బండిలో, కెమెరా లీకేజీ కూడా మాన్పాక, ఆ అదనపు ధరకు వచ్చే లాభం తక్కువ. ట్యాక్సీగా తిరిగే బండి, రోజుకు ముప్పై సార్లు సెల్ఫ్ కొట్టే డెలివరీ బండి అయితే మా ఓటు ఈఎఫ్‌బీకే.

తిరగేసిన కేసు మాత్రం ఖచ్చితం. పెనుకొండలో తయారయ్యే కియాలతో సహా ఏ కారైనా సిగ్నల్ దగ్గర తనంతట తాను ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యేదైతే, ఈఎఫ్‌బీ వచ్చిన చోట ఈఎఫ్‌బీ, ఏజీఎం వచ్చిన చోట ఏజీఎం. మామూలు రకం వేస్తే కారు మొదట సిగ్నల్ దగ్గర ఆగడం మానేస్తుంది, తర్వాత బ్యాటరీ మానేస్తుంది. జపాన్ కొలతలో ఇలాంటివాటికి వేరే కోడ్లు: కే-42, ఎం-42, ఎన్-55, క్యూ-85, ఎస్-95. క్యూ-85 డి23 కొలతది, ఎన్-55 బి24ది. నెగటివ్ క్లాంపు మీద చిన్న సెన్సర్ పెట్టె ఉన్న యూరప్ కార్లలో కొత్త బ్యాటరీని స్కానర్‌తో నమోదు చేయించాలి, లేకపోతే పాత ముసలి బ్యాటరీకి ఇచ్చినట్టే కొత్తదానికీ చార్జింగ్ ఇస్తూ పోతుంది.

ఇంట్లో ఖాళీగా ఉన్న ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ కారుకు పెట్టొచ్చా అన్న ప్రశ్న ప్రతి వేసవీ వస్తుంది. పెట్టకూడదు. దాని ప్లేట్లు లావు, కొద్దికొద్దిగా గంటల తరబడి ఇవ్వడానికి చేసింది. సెల్ఫ్ అడిగే రెండు మూడు వందల ఆంపియర్లు ఒక్క గుక్కలో ఇవ్వలేదు. ఆపైన ట్రేలో పట్టదు, ఒకరు ఎత్తలేరు.

చివరికి కాల్షియం సీల్డ్ రకం. దీనికి నిండాలంటే 14.4 దాకా కావాలి. అందుకే 10వ తేదీన ఆల్టర్నేటర్‌నూ ఎర్త్‌నూ చూడటం. బ్యాటరీ పోస్టు దగ్గరికి 13.6 మాత్రమే చేరే బండిలో ఈ రకం ఎప్పటికీ పూర్తిగా నిండదు.

ఏప్రిల్ 16

సీసీఏ అంకెలతో పేచీ. ఒక డిన్ 60 మీద 500 అని ఉంది, ఇంకోదాని మీద అంతకన్నా చాలా తక్కువ. రెండోది బలహీనమని కాదు. సీసీఏ అంటే మైనస్ 18 డిగ్రీల చలిలో బ్యాటరీ ఇవ్వగల కరెంటు, కానీ ప్రతి ప్రమాణానికీ షరతు వేరు. అమెరికా ప్రమాణం ఎస్ఏఈలో 30 సెకన్లకు 7.2 వోల్టులు నిలవాలి, యూరప్ ప్రమాణం ఈఎన్‌లో 10 సెకన్లకు 7.5, పాత డిన్‌లో 30 సెకన్లకు 9. షరతు కఠినమైన కొద్దీ అంకె చిన్నదవుతుంది. లేబుల్ మీద అంకె పక్కన ఏ ప్రమాణమో చూసే పోల్చాలి. చేతి టెస్టర్‌లో కూడా అదే ప్రమాణం పెట్టాలి. డిన్ అంకె తీసుకుని ఎస్ఏఈలో కొలిస్తే ముసలి బ్యాటరీ కూడా పడుచుదిలా కనిపిస్తుంది.

పైగా కర్నూలులో జనవరి తెల్లవారుజామున కూడా 15 డిగ్రీల దరిదాపులే. ఇక్కడ బ్యాటరీ చచ్చేది చలికి కాదు. ఒకే డబ్బాలో సీసీఏ పెంచాలంటే పలుచటి ప్లేట్లు ఎక్కువ పెట్టాలి, పలుచటి జాలీని వేడి త్వరగా తినేస్తుంది. అందుకే బండి అడిగే సీసీఏ ఉందా లేదా అన్నది చూసి అక్కడితో వదిలేశాం. దాని బదులు తూకం వేశాం. పక్క బియ్యం కొట్టు కాటా మీద ఒక డిన్ 60 తూగింది 14.1 కిలోలు, రెండోది 15.0. కొలత ఒకటే, డబ్బా ప్లాస్టికే. ఎక్కువ తూగిన 900 గ్రాముల్లో ఎక్కువ భాగం సీసమే అయ్యుండాలి. రెండోదాన్ని ఎంచుకున్నాం.

ఏప్రిల్ 17

కొనుగోలు. దుకాణంలో అదే మోడల్ మూడు ఉన్నాయి. మీటరు పెడితే 12.61, 12.58, 12.39. మూడోది షట్టర్ పక్కన, సాయంత్రం ఎండ పడే చోట ఉంది. వాడకపోయినా బ్యాటరీ తనలో తాను కరుగుతుంది, వేడి పెరిగే కొద్దీ ఆ కరుగుడు వేగం. 12.4 కిందికి దిగిన కొత్త బ్యాటరీని కొత్తదనడానికి లేదు. తయారీ తేదీ కోడ్ విప్పి చెప్పమని అడగాలి, మూడు నెలలు దాటితే వేరేది తీయమనాలి. 12.61 ఉన్నదాని వయసు ఆరు వారాలు.

వారంటీ అంకెల్లో రెండు ముక్కలుంటాయి. మొదటి నెలల్లో పోతే ఉచితంగా కొత్తది, తర్వాతి నెలల్లో పోతే కొత్తదాని ధరలో కొంత తగ్గింపు. పోల్చాల్సింది మొదటి ముక్క. బిల్లు మీద బండి నంబరు, బ్యాటరీ సీరియల్ నంబరు రాయించాలి, పసుపు బోర్డు బండికి వారంటీ తగ్గుతుంది. పాత బ్యాటరీ తిరిగి ఇచ్చి ధరలో కోయించుకోవాలి. దాన్ని తూకానికి బయట అమ్మితే పగలగొట్టి యాసిడ్ ఏ కాలవలో పోస్తారో తెలియదు. ధరలు రాయడం లేదు, సీసం రేటుతో పాటు అవీ ఊగుతుంటాయి.

ఏప్రిల్ 18

బిగింపు. తాళం తీసి ఐదు నిమిషాలు ఆగి, 10 నంబర్ పానాతో మొదట నెగటివ్. ఈ వరుస చాదస్తం కాదు: పాజిటివ్ ముందు విప్పేటప్పుడు పానా బాడీకి తగిలితే పూర్తి షార్ట్, నెగటివ్ తీసేశాక తగిలినా ఏం కాదు.

ట్రేలో తెల్లటి బూజు, కింద తుప్పు. లీటరు నీళ్లకు వంద గ్రాముల తినే సోడా కలిపి పోస్తే బుసబుస పొంగింది. పొంగు ఆగేదాకా రెండు సార్లు పోసి, కడిగి, ఆరాక తుప్పు గీకి రెండు పూతలు నల్ల ప్రైమర్. చెక్క ముక్క, ట్యూబు ముక్క, రాగి రేకు చెత్తబుట్టలోకి. క్లాంపులు రెండూ కొత్తవి, పాతవాటి దవడలు మళ్లీ సాగవు.

బ్యాటరీ ట్రేలో దిగి అడుగు బిగింపు ముక్క అంచు మీద కూర్చున్న చప్పుడు వేరు. బోల్టు 13 నంబరు. బిగించాక బ్యాటరీని పట్టి ఊపితే బండి ఊగాలి, బ్యాటరీ ఊగకూడదు. క్లాంపులు పోస్టు మొదటిదాకా దిగాకే బిగించాలి, సుత్తితో కొట్టి దించకూడదు, మూతకూ పోస్టుకూ మధ్య సీలు చిట్లుతుంది. బోల్టుకు 5–6 న్యూటన్ మీటర్లు చాలు. వాసిలిన్ బిగించాక పైన, లోపల కాదు. డబ్బా పక్కన గాలి రంధ్రానికి బండి గొట్టం కలిపాం, రెండో రంధ్రంలో బిరడా ఉంది.

తర్వాత కిటికీ అద్దాలు ఒక్కో దాన్నీ పూర్తిగా దించి, ఎక్కించి, పైన ఐదు సెకన్లు బటన్ పట్టి ఉంచితే ఆటో మోడ్ తిరిగి వచ్చింది. స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పగానే డ్యాష్‌బోర్డు మీది స్టీరింగ్ లైటు ఆరింది.

కొలతలు: విశ్రాంతిలో 12.63. సెల్ఫ్‌లో కనిష్ఠం 10.4. ఐడిల్‌లో బ్యాటరీ పోస్టు మీద 14.2, లైట్లూ ఏసీతో 14.0. పోస్టుకూ క్లాంపుకూ మధ్య 0.03.

మే 9

మధ్యాహ్నం రెండింటికి నీడలో 42 డిగ్రీలు. డోన్ వెళ్లి వచ్చిన బండి. ఇన్‌ఫ్రారెడ్ మీటరుతో బ్యాటరీ డబ్బా ఇంజిన్ వైపు గోడ: నడుస్తూ వచ్చి ఆగిన వెంటనే 54, ఆపి 20 నిమిషాలయ్యాక 61. ఫ్యాను ఆగి, గాలి ఆడక, ఇంజిన్ వేడంతా బానెట్ కింద నిలిచిపోతుంది. అసలు దెబ్బ ఆగాకే.

ఇంజిన్ వైపు వేడి అట్ట ఈ బండికి కంపెనీలో వచ్చింది, ఎప్పుడో ఎవరో తీసి పారేశారు. వేడి పదేసి డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది పాత లెక్క. అట్టను ఏప్రిల్‌లోనే వేయాల్సింది, మర్చిపోయాం.

మే 12

స్పేర్ పార్ట్స్ కొట్టులో అట్ట దొరికింది, నాలుగు వైపులా కప్పే తొడుగు. అదే దారి, అదే వేళ, 42 డిగ్రీలు: ఆగి 20 నిమిషాలకు డబ్బా గోడ 52. తొమ్మిది డిగ్రీలు దిగింది.

వేడెక్కాక ఆల్టర్నేటర్ 13.9కి తగ్గింది. అది జబ్బు కాదు. వేడి బ్యాటరీకి ఎక్కువ వోల్టులిస్తే నీళ్లు ఆవిరవుతాయి కాబట్టి రెగ్యులేటరే తగ్గిస్తుంది.

జూన్ 14

ఆరు రోజులు కదపని బండి. పొద్దున 12.54. సెల్ఫ్ ఒక్క కొట్టుకే, కనిష్ఠం 10.2. పోస్టుల మీద బూజు లేదు, అడుగు బోల్టు సగం చుట్టు లూజయింది, బిగించాం. నెగటివ్ కేబుల్ ఇంజిన్ కొన దగ్గర తొడుగు కింద పచ్చబడింది. సెల్ఫ్ కొడుతూ కొలిస్తే దాని మీద పోయే వోల్టేజీ ఇంకా 0.13 దగ్గరే ఉంది, 0.2 చేరితే కేబుల్ మారుస్తాం. తర్వాతి కొలత అక్టోబరులో.